కారు కింద అట్ట

తోటపల్లి గూడూరు,
సోమవారం మధ్యాహ్నం

నా బంగారు అక్కకి,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్ చేస్తే నేను అరిచేది ఊరందరికీ వినపడుతుంది, నీకు తప్ప. మెసేజ్ పెడదామంటే ఇంట్లో పనిచేసే ఫోను నీ మరిదిది ఒక్కటే, అది ఆయన చొక్కా జేబు వదిలి రాదు. నేను చెప్పబోయేది ఆయన చెవిన పడకూడదు. పోనీ మా భానుప్రియకి చెప్పుకుందామా అంటే, సూళ్లూరుపేటలో కూర్చున్న ఆ మహాతల్లి నేను ఫోన్ పెట్టేసే లోపలే వాళ్ళ నాన్నకి చేరవేస్తుంది. కూతురని కన్నానే గానీ అది ఆయన మనిషి. అందుకని నీకే రాస్తున్నాను. తిట్టాలనిపిస్తే తిట్టు. కానీ చివరిదాకా చదివి తిట్టు.

మా అంబాసిడర్ ఆయిల్ కారుస్తోంది. అదీ విషయం. నవ్వుతున్నావు కదూ? దీనికి ఉత్తరమా అని. నెలన్నర కిందట ఒక పొద్దున ఆయన కారు బయటికి తీస్తే వాకిట్లో రూపాయి బిళ్ళంత నల్ల మరక కనపడింది. వెంటనే బడేసాహెబ్‌ని పిలిచాడు. మా వీధి చివర రేకుల షెడ్డులో మెకానిక్కు, నువ్వు వచ్చినప్పుడల్లా చూశావు. ఆ కారు మా ఇంటికి వచ్చిన నాటి నుంచి దాని మీద అతని చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడలేదు. ఈయన్ని ‘అన్నా’ అంటాడు, నన్ను ‘వదినా’ అంటాడు. బానెట్ ఎత్తి లోపల తడిమి చూసి, “ఏం లేదన్నా, పైన ట్యాపెట్ కవర్ దగ్గర చెమరిస్తా ఉండాది. దానికీ వయసయింది గదా, మనకి మాత్రం చెమట పట్టదా? నెల్లూరి నుంచి ఆ కవర్ కింద పెట్టే ప్యాకింగ్ తెప్పించి ఏస్తా. ఈ మాడలుకి అది దొరకాలంటే రొంత టైం పడతాది. అందాకా రాత్రిపూట ఇంజన్ కింద ఒక అట్ట పరుచు, ఎంత కారతా ఉందో తెలుస్తాది” అన్నాడు. టీవీ వచ్చిన అట్టపెట్టె చింపి, ఇద్దరూ మోకాళ్ళ మీద వంగి పరిచారు. ఇక అక్కడి నుంచి నీ మరిదికి నిద్ర లేవగానే అట్ట దర్శనం. చుక్కని వేలితో అద్ది, బొటనవేలితో రుద్ది, వాసన చూసి, “పరవాలేదులే” అనుకుంటూ పోయి పళ్ళు తోముకునేవాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఆయన కళ్ళు బాగాలేవక్కా. పోయిన ఏడాది నెల్లూరు పోయి చూపించుకున్నాడు. నీటికాసులంట, గ్లకోమా అంటారే అది, చుక్కలమందు వేసుకుంటే చాలన్నారంట. ‘అంట’ అని ఎందుకంటున్నానంటే నన్ను డాక్టరు గదిలోకి రానివ్వలేదు. చుక్కలు వేస్తూనే ఉన్నాను, గుమ్మానికి కొట్టుకుంటూనే ఉన్నాడు. ఉగాదికి ముందు ముత్తుకూరు నుంచి పొద్దుగూకే వేళ వస్తున్నాం. ఆ రోడ్డు నీకు తెలుసు, ఒక పక్క పోర్టు టిప్పర్లు, ఒక పక్క రొయ్యల గుంటలు. రొయ్యల కంపెనీలో పని ముగించుకుని ఆడవాళ్ళు గుంపుగా రోడ్డు దాటుతున్నారు. నేను చూస్తున్నాను, ఆయనా చూస్తున్నాడనే అనుకున్నాను. కారు వేగం తగ్గడం లేదు. “మనుషులు! మనుషులు!” అని అరిచి స్టీరింగు పట్టుకుని లాగాను. కారు వరి మడిలోకి దిగి ఆగింది. మగ్దలీనమ్మ అని, మన ఊరి చర్చి వెనక ఉంటుంది, ఆమె చేతిలో క్యారియర్ ఎగిరి ఇంత దూరాన పడింది. ఒక్క జానెడు. ఆమెకీ బంపరుకీ మధ్య అంతే. ఆ తల్లి మమ్మల్ని తిట్టిన తిట్లు నాకు ఇప్పటికీ దీవెనల్లాగా వినపడతాయి, తిట్టడానికి ఆమె బతికుంది కాబట్టి.

ఇంటికొచ్చాక “ఇంక తోలొద్దు” అన్నాను. ఇంతెత్తున లేచాడు నా మీదికి. “రోడ్డు మీద లైట్లు లేకపోతే నేనేం చేసేది? ఈ ఊర్లో ఎవరి బిడ్డకి పెళ్ళయినా అత్తగారింటికి తోలుకుపోయినోణ్ణి నేను. నన్ను తోలొద్దంటావా?” అని కంచం ముందు నుంచి లేచాడు. ఆ మాట అబద్ధం కాదు. ఊళ్ళో ఏ పెళ్ళికూతురైనా, ఏ కులమైనా ఏ మతమైనా, మా కారులోనే పోవాలి, ఆయనే తోలాలి. పెట్రోలు డబ్బులు కూడా పుచ్చుకోడు, తాంబూలం చాలు. ఇప్పుడు బడేసాహెబ్ కూతురు సాహిరా వంతు. ముత్తుకూరు సంబంధం, వచ్చే నెల నిఖా. అదే రోడ్డు, అదే ఈయన, వెనక సీటులో పెళ్ళికూతురు.

నేను చేసింది రాస్తున్నాను. పశువుల కొట్టంలో చెదలు పట్టకుండా దూలాలకి పూయడానికి పాత ఇంజనాయిలు డబ్బా ఒకటి ఉంటుంది. తెల్లారి ఆయన లేవకముందే కళ్ళాపి చల్లడానికి వాకిట్లోకి పోతాను కదా, ఒకరోజు ఆ డబ్బాలోంచి గరిటెడు తీసుకుపోయి అట్ట మీద పోశాను. అంతే. దేవుడి తోడు, ముందు అనుకుని చేసింది కాదు. ఆయన లేచి వచ్చి, అద్ది, వాసన చూసి, “ఓయబ్బా, ఇంత కారిందే!” అని ఆ రోజు కారు తీయలేదు. మర్నాడు రెండు గరిటెలు పోశాను. అప్పటి నుంచి కారు కదల్లేదు. కళ్ళాపి చల్లే చేత్తో నూనె పోసి, అదే చేత్తో ముగ్గు పెడుతున్నాను. నా బతుకు చూడు.

మరి ఆయన ఊరుకుంటాడా? ఫోన్లో అట్ట ఫోటోలు తీయించుకుని బస్సెక్కి నెల్లూరు పోయాడు. బైపాస్ పక్కన ఫ్రెడ్డీ అని ఒకాయన పెద్ద షెడ్డు పెట్టాడంట. కారు చూడకుండానే, ఫోటో చూసి, ఇంజన్ దించాలి, బోరింగ్ చేయించాలి, లక్షా ముప్పై అని చెప్పాడు. ఇంకోసారి పోతే గేర్‌బాక్సు కూడా అనుమానంగా ఉంది, రెండు లక్షలు అన్నాడు. ఫోటోలో గేర్‌బాక్సు ఎక్కడ కనపడిందో ఆయనకే తెలియాలి. ఈయన మాత్రం “రెండు లచ్చలంట!” అని ఓబయ్య టీ బంకు దగ్గర అందరికీ ఏదో బహుమతి వచ్చినట్టు చెప్పుకుంటున్నాడు. అడ్వాన్సు మాత్రం ఇవ్వడు. పిసినారితనం ఇన్నాళ్ళకి పనికొచ్చింది అనుకున్నాను.

ఆయన ప్రాణం కోసమే చేస్తున్నాను. కానీ ఆయన నా ముఖంలోకి చూసి “కాఫీ ఇయ్యవే” అన్నప్పుడల్లా చెంప పగలగొట్టుకోవాలనిపిస్తోంది. నువ్వేమంటావు?

దొంగచేతులతో రాస్తున్న నీ చెల్లెలు,
పెంచల


తోటపల్లి గూడూరు,
శనివారం

అక్కా,

నీ జవాబు కోసం ఆగలేకపోయాను. ఘోరం జరిగింది. కారు వల్ల కాదు, నా వల్ల.

బడేసాహెబ్‌కి ప్యాకింగ్ దొరికింది. మొన్న మంగళవారం మధ్యాహ్నం నమాజు కాగానే వచ్చి, తెల్లటోపీ తీసి జేబులో పెట్టుకుని, బానెట్‌లో తల దూర్చాడు. ప్యాకింగ్ మార్చాడు, ఆయిలు నింపాడు, సాయంత్రం దాకా ఇంజన్ ఆన్‌లో పెట్టి కొత్త అట్ట పరిచాడు. చుక్క పడితే ఒట్టు. నేనే చూశాను. “అన్నా, ఇంక నిశ్చింతగా తోలుకో. మా బిడ్డని నువ్వే గదా తోలుకుపోవాల. కూలి మాట ఎత్తబాకు, ఇది సాహిరా లెక్కలో ఏసుకుంటా” అని నవ్వుతూ చేతులు కడుక్కున్నాడు. నీ మరిది ముఖంలో నవ్వు లేదు. నాకు వింతగానే అనిపించింది గానీ, నా భయంలో నేనున్నాను.

ఆ రాత్రంతా నాకు సాహిరానే కళ్ళముందు. తెల్లారి లేచాను. అట్ట శుభ్రంగా ఉంది. ఇవాళ ఊరుకుంటే రేపు ఆ పిల్లని ఎక్కించుకుని టిప్పర్ల మధ్యకి పోతాడు. నా చేయి ఆగలేదక్కా. ఎప్పుడూ పోయనంత పోశాను.

ఆయన లేచి చూశాడు. చూసినవాడు ఎప్పటిలా గొణుక్కోలేదు. వీధిలోకి పోయి “ఒరేయ్ బడే!” అని కేకపెట్టాడు. అతను పరుగున వచ్చాడు. అట్ట చూశాడు. తర్వాత ఇంజన్లో ఆయిలు చూసే గేజు పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ దించి తీశాడు. “లెవెల్ తగ్గలేదన్నా. ఇంత కారుంటే తగ్గాల గదా? నిన్న పోసింది పోసినట్టే ఉండాది. నువ్వే చూడు” అని ఆయన చేతికిచ్చాడు. ఆయన దాన్ని ముఖం దగ్గరగా పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. గుమ్మంలో నిలబడ్డ నాకు కూడా పై గీత దగ్గర ఆయిలు మెరుస్తూ కనపడుతోంది. ఆయన మాత్రం, “తగ్గింది. సగానికి సగం తగ్గింది. నాకు కళ్ళు లేవనుకుంటా ఉండావా?” అన్నాడు.

“అన్నా, సరిగ్గా చూడన్నా.”

“చూసినాలే. పాత ప్యాకింగే కడిగి మళ్ళీ ఏసినావు. ఫ్రెడ్డీ ఒక్క చూపులో ఇంజన్ దించాలన్నాడు, నువ్వు చెమట పడతా ఉండాదని కథలు చెప్పినావు. మోసం చేసినావురా నన్ను. ఇన్నేళ్ళూ ఇట్లాగే చేసుంటావు.”

“అంత మాటొద్దన్నా,” అన్నాడు బడేసాహెబ్. పాలక్యాను పట్టుకుని పోతున్న ఓబయ్య ఆగి చూస్తున్నాడు. ఎదురింటివాళ్ళు కూడా బయటికి వచ్చారు. అప్పుడు అతను నా వైపు తిరిగాడు. “వదినా, నువ్వు చెప్పు. నిన్న సాయంత్రం నువ్వూ చూసినావు గదా. చుక్క పడిందా?”

అక్కా, నేను ఏమీ చెప్పలేదు. నా కాలి బొటనవేలి మీద ఆయిలు చుక్క ఉంది, తెల్లారి పోసేటప్పుడు పడింది. చీర కుచ్చిళ్ళు దాని మీదికి జరుపుకుని నిలబడ్డాను. అతను నా ముఖం చూసి, ముందురోజు మా వాకిట్లో వదిలిన స్పానర్లు ఒక్కోటీ తుడిచి గోనెసంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. మోసగాడని మొగుడంటే విన్నాను. మోసగత్తెని నేను, గుమ్మంలో నిలబడి చూశాను.

నీ మరిది అంతటితో ఆగాడా? ఓబయ్య బంకు దగ్గర కూడా అదే మాట, “బడే నన్ను మోసం చేసినాడు” అని. ఆయన మాటకి ఊళ్ళో విలువ ఉంది, అదే మా ఖర్మ. రొయ్యల గుంటలవాళ్ళు బాగుచేయమని ఇచ్చిన, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్ మోటార్లు అతని షెడ్డు నుంచి తీసుకుపోయి ముత్తుకూరులో ఇచ్చారంట. రోజూ కరివేపాకుకి వచ్చే అతని భార్య సర్దార్‌బీ మా గేటు ముందు నుంచి తలొంచుకుని పోతోంది. సాహిరాకి ముత్తుకూరు నుంచి అద్దెకారు మాట్లాడుకున్నారని తెలిసింది. అంటే నేను కోరుకున్నదే జరిగింది చూడు. ఆ పిల్ల ఈయన తోలే కారెక్కదు. ఈయన స్టీరింగు ముట్టుకోడు. అందరూ క్షేమం. నాకు మాత్రం ఆ ఇంటి వైపు చూసే ముఖం లేదు.

చెప్పేస్తే ఆయన మళ్ళీ కారు తీస్తాడు. చెప్పకపోతే ఒక మంచివాడు దొంగ అయిపోతాడు. ఏం చెయ్యమంటావు?

పాపిష్టిది,
పెంచల


బిట్రగుంట,
మంగళవారం

ఒసే పెంచలా,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. మొదటిది చదివి నవ్వాను. రెండోది చదివాక ఆ నవ్వినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

నాకు చెవులు పోయాయి, సరే. నీకు నోరెప్పుడు పోయిందే? చిన్నప్పుడు గూడ్సు బండి కూత మీద నీ కూత వినపడేది. ఆ మనిషి నిన్ను నిలబెట్టి అడిగితే చీర సర్దుకున్నావా?

ఆయిలు పోసినందుకు నేను నిన్ను ఏమీ అనను. మీ బావగారు ఆఖరి రోజుల్లో మెట్లు దిగి పోతాడని నేనూ చెప్పులు దాచిన దాన్నే. మొగుడి ప్రాణం కోసం ఆడవాళ్ళం ఏవో వేషాలు వేస్తాం. కానీ పరాయివాడి పరువు ఖర్చు పెట్టి వేసే వేషం నీది. అది నీ సొమ్ము కాదు.

నీ మొగుడు పద్మనాభానికి చెప్పు. అరుస్తాడు, అరవనీ. కంచం విసురుతాడు, విసరనీ. కారు తీస్తానంటే నువ్వు పోయి చక్రం కింద పడుకో. సాహిరా పెళ్ళి లోపల చెప్పు. పెళ్ళయ్యాక చెప్పే నిజం ఎవరికి కావాలి? నాకు నడుము నొప్పి లేకపోతే నేనే వచ్చి చెప్పేదాన్ని. ఇంతకంటే రాస్తే తిట్లే వస్తాయి.

మందులు వేసుకో. ఆయనకీ వెయ్యి.

నీ అక్క,
కామాక్షి


తోటపల్లి గూడూరు,
ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదివితే మళ్ళీ ధైర్యం పోతుందేమోనని బియ్యం డబ్బాలో పెట్టేశాను.

మరునాడు తెల్లారి ఆయన్ని లేపాను. “రండి, ఒకటి చూపించాలి” అని చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకొచ్చాను. కారు పక్కన నిలబెట్టి, డబ్బాలోంచి గరిటె ముంచి, ఆయన కళ్ళెదురుగా అట్ట మీద పోశాను. నోటితో చెప్పడానికి చేతకాక చేత్తో చెప్పాలనుకున్నాను. ఆయన అరుస్తాడని తల వంచుకుని నిలబడ్డాను. అరవలేదు. “ఏందే, కళ్ళాపి ఈడ చల్లతా ఉండావు? కారు కింద ముగ్గేస్తావా ఏంది?” అన్నాడు.

రెండడుగుల దూరం, అక్కా. నల్లటి ఆయిలు. ఆయనకి నీళ్ళనిపించింది.

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. “అది కళ్ళాపి కాదు, ఆయిలు. రోజూ నేనే పోశాను. కారు కారలేదు. బడేసాహెబ్ ఏ తప్పూ చెయ్యలేదు” అని అన్నీ చెప్పేశాను. మగ్దలీనమ్మ క్యారియర్ దగ్గర్నుంచి సాహిరా దాకా. ఆయన మెల్లగా కింద కూర్చుని, వేలితో అట్ట తడిమి, వాసన చూసుకున్నాడు. నవ్వాడు. నాకు మతి పోయింది.

“నువ్వా?” అన్నాడు. “నేను దేవుడు పోస్తా ఉండాడనుకున్నానే!”

తర్వాత ఆయన చెప్పింది వింటే నువ్వు నమ్మవు. పోయిన ఏడాదే డాక్టరు గట్టిగా చెప్పాడంట, పక్కచూపు పూర్తిగా పోయింది, ఎదురుచూపు కూడా మసకబారుతోంది, ఇంక స్టీరింగు ముట్టుకుంటే ఎవరినో ఒకరిని చంపుతావు అని. నాకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. “మగ్దలీనమ్మ నాకు కనపడనే లేదు పెంచలా. నువ్వు అరిస్తే తెలిసింది. ఆ రోజు నుంచి తాళం చెవి పట్టుకోవాలంటేనే భయం. తోలనని చెప్పాలంటే నోరు రాదు. ఊర్లో బిడ్డల్ని తోలుకుపోయేది నేనే గదా, గుడ్డోణ్ణని ఎట్టా చెప్పుకునేది? అప్పుడు కారేదానికి మొదలుబెట్టింది ఆయిలు. పొద్దున్నే అట్ట తడిమితే చేతికి తగిలేది. హమ్మయ్య, ఈ పూటకి సాకు దొరికింది అనుకునేవాణ్ణి. ఫ్రెడ్డీ లచ్చలు చెప్పినాడు చూడు, ఎంత ఎక్కువ చెప్తే నాకంత నిమ్మళం. ఇచ్చేదా పెట్టేదా! ఈలోపల బడే వచ్చినాడు. ఎంత బాగా చేసినాడో పని. ఇంక నిశ్చింతగా తోలుకో అన్నా అన్నాడు. నాకు ఒళ్ళంతా చెమటలు పోసినాయి. వాడు బాగు చేసింది కారునా? నా సాకుని తీసేసినాడు. మర్నాడు మళ్ళీ తడి తగిలేసరికి నేను ఆలోచించలేదు. వాణ్ణి దొంగని చేస్తే గానీ కారు మళ్ళీ చెడిపోదు. చేసేసినా.”

ఇద్దరం ఆ వాకిట్లో కూర్చుని ఉన్నాం. నలభై ఏళ్ళ కాపురంలో ఒకరికి తెలియకుండా ఒకరం ఒకే పని చేశాం, అదీ ఒకే మనిషి మెడ మీద కాలు పెట్టి. ఆయన ఏడుస్తుంటే మొదటిసారి చూశాను. తిట్టుకున్నాం కూడా, దాచిందెందుకంటే దాచిందెందుకని. ఎదురింటివాళ్ళు మేం ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నామనుకుని ఉంటారు.

“మాట అన్నది ఓబయ్య బంకు దగ్గర. వెనక్కి తీసుకునేది కూడా ఆడనే” అని ఆయన లేచాడు. “నేనూ చెప్తాను” అన్నాను. “నువ్వు నోరు మెదపబాకు. మొగుడి కళ్ళుగప్పి ఆయిలు పోసిందని నీ పేరు ఊరందరి నోట్లో నానతాది. నన్ను ఆడిదాకా తోడ్కపో, చాలు” అన్నాడు. చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయాను. పొద్దున పూట బంకు నిండా మనుషులే. రోడ్డు అవతల బడేసాహెబ్ ఎవరిదో మోపెడ్ చైను బిగిస్తున్నాడు, తలెత్తలేదు.

“అందరూ వినండబ్బా,” అన్నాడు ఆయన. గొంతు పొలంలో కేకేసినట్టే ఉంది. “నాకు కళ్ళు పోయినాయి. నీటికాసులు. డాక్టరు కారు తోలొద్దన్నాడు. చెప్పుకోను సిగ్గయి కారే చెడిపోయిందని నాటకం ఆడినా. బడే ప్యాకింగ్ సరిగ్గానే ఏసినాడు, చుక్క కారలేదు. అట్ట మీద ఆయిలు నేనే పోసుకున్నా. వాణ్ణి మోసగాడన్నా, ఆ మాట తప్పు. అందరి ముందరా వెనక్కి తీసుకుంటా ఉండా.”

నేనే పోసుకున్నా అన్నాడు, విన్నావా? నా మీదికి రాకుండా తన మీదే వేసుకున్నాడు. అందరి ముందూ గుడ్డివాణ్ణని ఒప్పుకోవడమే కాక, చెయ్యని పని కూడా చేశానన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ‘కాదు, పోసింది నేను’ అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు. ఆయన వద్దన్నాడు కాబట్టి అనలేదని నీకు రాయొచ్చు. కానీ నీ దగ్గర అబద్ధం ఎందుకు, ఆ క్షణంలో నాకు హాయిగా ఉంది. బయటపడ్డాను అనిపించింది. అది రాయాలంటేనే ఒళ్ళు మండుతోంది నా మీద నాకు.

బడేసాహెబ్ చేతులు గుడ్డతో తుడుచుకుంటూ రోడ్డు దాటి వచ్చాడు. “ఎప్పటి నుంచన్నా?” అన్నాడు, కళ్ళ గురించి. “ఏడాది” అన్నాడు ఈయన. “నాకన్నా చెప్పకూడదా?” అని ఆయన చెయ్యి నా చేతిలోంచి తన చేతిలోకి తీసుకుని, “ఓబయ్యా, రెండు టీలు. అన్నకి చక్కెర తగ్గించు” అన్నాడు. అంతే. మగవాళ్ళ గొడవ అట్లా ముగిసిపోయింది. మర్నాడు రొయ్యల గుంటలవాళ్ళు మోటార్లు తెచ్చి మళ్ళీ షెడ్డులో దించారు.

గురువారం సాహిరా నిఖా. అద్దెకారు వద్దని చెప్పి పంపించారు. మన కారుకి మల్లెపూల దండలు కట్టారు. బడేసాహెబ్ తోలాడు, నీ మరిది కొత్త తెల్లచొక్కా వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. “గేరు మార్చు, ఇంకా మార్చవేమిరా, అదిగో టిప్పర్!” అని దారి పొడుగునా పెత్తనం. టిప్పర్ శబ్దం విని చెప్తున్నాడు. వెనక నేను, సర్దార్‌బీ, మధ్యలో సాహిరా. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని ముత్తుకూరు దాకా ఏడ్చింది. ఆ చెయ్యి గోరింటాకుతో ఎర్రగా ఉంది. నా చెయ్యి దాని చేతిలో పెట్టడానికి నాకు సిగ్గేసింది.

తిరిగొచ్చాక బడేసాహెబ్ కారు వాకిట్లో పెట్టి, తాళం చెవి ఇవ్వడానికి లోపలికి వచ్చాడు. ఆయన అలిసిపోయి పడుకున్నాడు. ఇక ఆగలేకపోయాను. “బడేసాహెబ్, ఆయిలు పోసింది ఆయన కాదు, నేను. మొదటి రోజు నుంచి నేనే. ఆయన నా కోసం అబద్ధం చెప్పాడు. నన్ను క్షమించు” అన్నాను. చేతులెత్తి దండం పెట్టాను.

అతను ఆశ్చర్యపోలేదు. ముందే అనుమానం ఉందో, ఆ రోజు గుమ్మంలో నా ముఖం చూసినప్పుడే తెలిసిపోయిందో. తాళం చెవి బల్ల మీద పెట్టాడు. “అన్న ప్రాణం కోసం పోసినావు. దాన్ని తప్పనను వదినా. నేనైనా అదే చేసుందును” అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అప్పుడు మెల్లగా అన్నాడు, కోపం లేదు, గొంతు కూడా పెంచలేదు. “కానీ ఆ రోజు నిన్ను అడిగినా గదా. అన్న ఒక మాట అన్నాడు, దాన్ని నలుగురి ముందరా వెనక్కి తీసుకున్నాడు. నువ్వు మాటే అనలేదు గదా వదినా. ఏం తీసుకుంటావు వెనక్కి?”

జవాబు చెప్పలేక నిలబడ్డాను, అక్కా. అతని ముందు నేను అట్లా నిలబడటం ఇది మూడోసారి. కాసేపు చూసి, “వస్తా” అని వెళ్ళిపోయాడు.

మూడు రోజులు ఆలోచించాను. ఓబయ్య బంకు దగ్గర ఆడవాళ్ళు ఎవరూ ఆగరు. అటువైపు నుంచి పోయేటప్పుడు కొంగు కప్పుకుని తొందరగా నడుస్తాం. రేపు పొద్దున జనం ఉన్న వేళ నేను అక్కడికి పోతున్నాను. ఆయన చెయ్యి పట్టుకుని కాదు, ఒక్కదాన్నే.

నీ చెల్లెలు,
పెంచలమ్మ